మంత్రం చేతులెత్తేసే చోటు

(చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నాకిచ్చిన విషయం బాగా పేరున్న ఫాంటసీ నవలలు, వాటి బలాలు, బలహీనతలు. హాల్లోకి అడుగు పెట్టానో లేదో, ముందు వరసలో ఉన్న కాలేజీ పిల్లలు "సార్, టోల్కీనా, మార్టినా?" అని అడిగేశారు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ గొప్పా, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాసిన మార్టిన్ గొప్పా అని. దానికి జవాబు చెప్పే వెళ్తాను. అయితే రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడాలంటే రెండింటికీ పనికొచ్చే కొలత ఒకటి ఉండాలి కదా. నాకున్నది ఒక్కటే. ఈ లోకంలో మంత్రం వల్ల కాని పని ఏమిటి? పుస్తకం తెరిచాక నేను ముందు వెతికేది అదే. ఆ పని ఎదురైనప్పుడే పాత్ర ఎలాంటిదో బయటపడుతుంది. అలాంటి పనే లేని నవలలో డ్రాగన్లు ఎన్ని ఎగిరినా వంద పేజీలకల్లా నా ఆసక్తి చచ్చిపోతుంది.

ఈ కొలత నాకు ఇంగ్లీషు నవలలు చదివి రాలేదు, మనుచరిత్ర చదివి వచ్చింది. పెద్దన గారి ప్రవరుడు మీకందరికీ తెలిసినవాడే. అరుణాస్పదపురంలో నిత్యాగ్నిహోత్రం చేసుకుంటూ ఉంటాడు, లోకం చూడాలని మాత్రం మహా కోరిక. ఒక సిద్ధుడు వచ్చి పాదాలకు పసరు పూస్తాడు. ఇంకేముంది, హిమాలయం మీద ఉంటాడు. "అటజని కాంచె" పద్యం మనమంతా బళ్లో అప్పజెప్పినదే. కళ్లారా అన్నీ చూశాడు, పొద్దెక్కింది, ఇక ఇంటికి పోదాం అనుకుంటే కాళ్లు ముందుకు సాగవు. పసరు మంచుకు కరిగిపోయింది! 16వ శతాబ్దపు కావ్యం ఇది. మ్యాజిక్‌కి ఒక హద్దు ఉండాలి అని ఇవాళ ఫాంటసీ రాయడం నేర్పేవాళ్లంతా చెబుతున్న మాటను పెద్దన గారు ఇంత మంచుతో చేసి చూపించారు. పసరు కరక్కపోతే వరూధిని ఎదురుపడదు, ప్రవరుడి నిగ్రహం ఎంతటిదో మనకు తెలిసే దారి ఉండదు. తిరిగి ఇల్లు చేరడం కూడా పసరు వల్ల కాలేదు. ఇన్నాళ్ల తన నిష్ఠ మీద ఆన పెట్టి అగ్నిదేవుణ్ని వేడుకుంటే అయింది.

ఇప్పుడు టోల్కీన్ దగ్గరికి వద్దాం. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసర్. 1937లో ఆయన 'ది హాబిట్' అచ్చయింది. 1954, 55ల్లో మూడు సంపుటాలుగా 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వచ్చింది. మీలో చాలామంది సినిమాలు చూసే ఉంటారు గనక కథ చెప్పను. ఈ నవలలో అన్నిటికన్నా బలమైన మంత్రవస్తువు ఆ ఉంగరం. దాన్ని వాడకూడదు. మంచి పనికే వాడినా, వాడినవాణ్ని లోపల్నించి తినేస్తుంది. మాంత్రికుడు గాండాల్ఫ్ నాకొద్దంటాడు, ఎల్ఫ్‌ల దొరసాని గలాడ్రియెల్ నాకొద్దంటుంది. మన జానపద కథల్లో రాకుమారుడు ఏడు సముద్రాలు దాటి మహిమగల వస్తువును తెచ్చుకుంటాడు. ఇక్కడ కథానాయకుడు ఫ్రోడో అంత దూరమూ పోయేది చేతిలో ఉన్నదాన్ని పారేయడానికి.

చివరికి అగ్నిపర్వతం అంచున ఫ్రోడో ఓడిపోతాడు. ఉంగరం నాది, ఇవ్వను అంటాడు. ఒకప్పుడు ఆ ఉంగరం తన దగ్గరే ఉన్న గొల్లమ్ అనే ప్రాణి మీదపడి అతని వేలు కొరికి, ఆ వేలితో ఉంగరంతో సహా మంటల్లో పడిపోతాడు. ఇదంతా అదృష్టం కలిసొచ్చి జరిగిందని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. గొల్లమ్ ఆ క్షణందాకా బతికున్నాడంటే, ఎన్నో ఏళ్ల కింద 'హాబిట్' కథానాయకుడు బిల్బో చేతిలో కత్తి ఉండి కూడా చంపలేదు కాబట్టి. తర్వాత ఫ్రోడో చంపలేదు. ఆ కొండ మీద ఫ్రోడోకి తోడుగా వచ్చిన సామ్ కూడా చంపలేకపోయాడు. ఇందులో ఇంకో విశేషం ఉంది, ఇది మాత్రం అందరూ తెలుసుకోవాలి. 1937లో అచ్చయిన హాబిట్‌లో ఆ జాలి ఘట్టమే లేదు! అందులో గొల్లమ్ పొడుపుకథల పందెంలో ఓడితే ఉంగరం కానుకగా ఇస్తానంటాడు, తీరా అది కనపడకపోతే క్షమించమని బతిమాలి, బిల్బోకి బయటికి దారి చూపిస్తాడు. పెద్ద నవల రాస్తుండగా ఆ ఉంగరం ఎంత భయంకరమైనదో తేలాక, టోల్కీన్ వెనక్కి వెళ్లి ఆ అధ్యాయాన్ని మార్చి రాశారు. 1951 ముద్రణలో ఆ మార్పు వచ్చింది. బిల్బో ఎవరికీ కనపడకుండా కత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు. దారికి అడ్డంగా గొల్లమ్. పొడిచేస్తే పీడ విరగడవుతుంది. ఆ ప్రాణి వెలుతురు లేకుండా, ఆశ లేకుండా గడిపిన రోజులన్నీ ఒక్కసారి బిల్బో మనసులో మెదులుతాయి. పొడవడు. వాడి తలమీదుగా దూకి పారిపోతాడు. అచ్చయి అమ్ముడుపోతున్న పిల్లల పుస్తకాన్ని తిరగరాసి మరీ ఇంకో నవల ముగింపుకు పునాది వేశారాయన. నాకు టోల్కీన్ మీద ఉన్న గౌరవంలో సగం ఆ ఒక్క అధ్యాయం వల్లే.

బలహీనతలా? ఉన్నాయి. మొదటి రెండు వందల పేజీలు నడక మరీ మెల్లగా ఉంటుంది. టామ్ బాంబడిల్ అనే ఆయన దగ్గర కథ మకాం వేసేస్తుంది, సినిమా తీసినవాళ్లు ఆ పాత్రను మొత్తంగా వదిలేశారంటే అర్థం చేసుకోండి. ఆడవాళ్లు చాలా తక్కువ. ఎయోవిన్ ఉన్న పేజీలు ఎంత బాగుంటాయో చూశాక ఆ లోటు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. వీటికన్నా నన్ను ఇబ్బంది పెట్టేది ఆర్క్‌ల సంగతి. ఒక జాతి జాతంతా పుట్టుకతోనే దుర్మార్గులు. ప్రహ్లాదుడు హిరణ్యకశిపుడి ఇంట్లో పుట్టాడని, విభీషణుడు రావణుడి తమ్ముడని చిన్నప్పటినుంచీ విన్న మనకు, అన్ని వేలమందిలో ఒక్కడంటే ఒక్కడు మంచి ఆర్క్ లేకపోవడం మింగుడుపడదు. టోల్కీన్‌కీ మింగుడుపడలేదు. ఆయన ఉత్తరాల్లో, తర్వాతి రాతల్లో ఆ ప్రశ్నతో పెనుగులాడటం కనిపిస్తుంది. నవలలో మాత్రం పరిష్కారం లేదు.

ఇంకా ఎక్కువసేపు నేను మాట్లాడదలచుకున్నది అర్సులా లెగ్విన్ గురించి. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', 1968. రెండు వందల పేజీల పుస్తకం. మాంత్రికుల బడి అనగానే అందరికీ హారీ పాటర్ గుర్తొస్తుంది గానీ, అంతకు దాదాపు ముప్ఫై ఏళ్ల ముందే లెగ్విన్ రోక్ దీవిలో ఆ బడి కట్టేసింది. గెడ్ అనే మేకలు కాసుకునే పిల్లవాడు అక్కడికి చేరతాడు. గొప్ప తెలివి, అంతకు మించిన పొగరు. తోటి విద్యార్థి కవ్విస్తే రోషానికి పోయి చనిపోయిన రాణి ఆత్మను పిలుస్తాడు. ఆమెతో పాటు ఇంకేదో నీడలాంటిది ఈ లోకంలోకి దూరి అతని ముఖం చీరేస్తుంది. ఆ చీలికను మూసే ప్రయత్నంలో బడికంతటికీ పెద్దయిన ఆర్చ్‌మేజ్ ప్రాణం పోతుంది. ఒక కుర్రాడి పంతానికి ఎంత ఖరీదు!

అయితే నేను చెప్పాలనుకున్న ఘట్టం అది కాదు. చదువు అయ్యాక గెడ్ ఒక చిన్న దీవిలో మాంత్రికుడిగా ఉంటాడు. అక్కడ పెచ్వారీ అని పడవలు కట్టేవాడితో స్నేహం కుదురుతుంది. పెచ్వారీ పడవలు కట్టడం నేర్పుతాడు, గెడ్ పడవలు మునగకుండా మంత్రాలు చెబుతాడు. ఒక రాత్రి పెచ్వారీ పిల్లవాడికి జబ్బు ముదిరి గెడ్‌ని పిలుస్తారు. జబ్బు నయం చెయ్యి, పోయే ప్రాణాన్ని మాత్రం పోనియ్యి అని రోక్‌లో గురువు చెప్పే ఉన్నాడు. గెడ్ చూడగానే అర్థమైపోతుంది, పిల్లవాడు దక్కడని. కానీ తల్లిదండ్రుల ముఖాలు చూసి ఆగలేక, ఆ పసివాడి వెంట చావు దేశంలోకి నడిచి వెళ్తాడు. పిల్లవాడు చీకటి వాలు దిగి ముందుకు పరుగెత్తుతూ ఉంటాడు, అందడు. గెడ్ తిరిగి పైకి ఎక్కడానికే ప్రాణం మీదికొస్తుంది. శవంలా పడి ఉన్నవాణ్ని అతని చిన్న పెంపుడు జంతువు నుదురు నాకి నాకి లేపుతుంది. అంతే, పిల్లవాడు దక్కలేదు. ఇంత విద్య ఉన్న స్నేహితుడు పక్కన ఉండి కూడా పెచ్వారీ బిడ్డ పోయాడు. పిల్లల కోసం రాసిన పుస్తకంలో ఆ మాటను అంత నిజాయితీగా, ఏ మెలికా పెట్టకుండా రాయడానికి చాలా గుండెధైర్యం కావాలి.

లోపాలు ఈ పుస్తకానికీ ఉన్నాయి. పాత చరిత్ర చెబుతున్నట్టు కాస్త దూరంగా నిలబడి చెబుతుంది, సంభాషణలు తక్కువ, పాత్రల పక్కన కూర్చున్నట్టు ఉండదు. మొదటి భాగంలో ఆడవాళ్ల మంత్రమంటే నాసిరకం అనే సామెత వినిపిస్తుంది, రోక్ బడిలో ఆడపిల్లలకు చోటే లేదు. ఆ లోటును ఆమే గుర్తించి, మూడో భాగం వచ్చిన 18 ఏళ్లకు, 1990లో 'టెహాను' రాసింది. అందులో గెడ్ శక్తులన్నీ పోగొట్టుకున్న మనిషి, కథ మోసేది నడివయసు దాటిన ఒక వితంతువు. తన లోకానికి తానే ఎదురు ప్రశ్న వేసుకున్న రచయితలు అరుదు. ఇంకో మాట, గెడ్ రంగు మన చాలామంది రంగే, రాగి ఛాయ. 2004లో టీవీకి తీసినప్పుడు తెల్లబ్బాయిని పెట్టారు. లెగ్విన్ ఊరుకోలేదు, బాహాటంగా వ్యాసం రాసి ఖండించింది.

హారీ పాటర్. 1997 నుంచి 2007 దాకా ఏడు పుస్తకాలు. ఈ హాల్లో సగం మందికి చదవడం అలవాటు చేసింది ఈ పుస్తకాలే, ఆ రుణం చిన్నది కాదు. రౌలింగ్‌కి ఉన్న పెద్ద బలం డిటెక్టివ్ నవలల పనితనం. మొదటి పుస్తకంలో హారీ స్నేహితుడు రాన్ జేబులో నిద్రపోతున్న ముసలి ఎలుక మూడో పుస్తకంలో ఎవరిగా తేలిందో గుర్తుందా? అన్నాళ్లూ కళ్లముందే పెట్టి దాచింది. బలహీనత కూడా ఆ మూడో పుస్తకంలోనే ఉంది. కాలాన్ని వెనక్కి తిప్పే గొలుసును హెర్మయోనీ అనే పదమూడేళ్ల పిల్లకు ఇస్తారు, దేనికి? ఎక్కువ క్లాసులకు హాజరవడానికి! అది ఉన్నాక చదివేవాడికి ఒకటే సందేహం: ఇక ఎవరు చనిపోయినా వెనక్కి వెళ్లి ఆపొచ్చుగా? ఆ సందేహానికి గట్టి జవాబు లేక, అయిదో పుస్తకంలో మాంత్రికుల మంత్రిత్వశాఖలో అలాంటివి ఉన్నవన్నీ పగిలిపోయినట్టు రాసింది. హెర్మయోనీ ఇళ్లలో పనిచేసే ఎల్ఫ్ అనే పొట్టి జీవుల వెట్టిచాకిరీ మీద పోరాడితే, పుస్తకం ఆ పోరాటాన్ని నవ్వులాటగా చూడటం నాకు ఇప్పటికీ నచ్చదు.

కానీ చావు ముందు మంత్రం పనిచేయదు అనే హద్దును ఆమె గట్టిగా పట్టుకున్న చోటల్లా పుస్తకం ఎక్కడికో వెళ్లిపోతుంది. అమ్మానాన్న కనిపించే అద్దం ముందు రాత్రిళ్లు వచ్చి కూర్చునే అనాథ పిల్లవాడు హారీ. ఆ తర్వాత ఏడో పుస్తకంలో అడవిలోకి చావడానికి నడిచి వెళ్తూ, చేతిలో పోయినవాళ్లను పిలిచే రాయి ఉన్నా, వాళ్లను తిరిగి బతికించుకోవాలని అనుకోడు, ఆ కాసేపు తోడు రమ్మంటాడు. ఆ అధ్యాయం లెగ్విన్ పక్కన పెట్టదగినది.

ఇక జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. 1996లో 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్'. టోల్కీన్ నవల చివర్లో రాజయ్యే అరగార్న్ మంచిగా పాలించాడని రాస్తే సరిపోతుందా, అతని పన్నుల విధానం ఏమిటి అని ఈయన ఒక ఇంటర్వ్యూలో అడిగారు. సిసలైన ప్రశ్న. ఆయన నవలలో రాజ్యానికి అప్పులుంటాయి, ఆకలికి అల్లర్లు జరుగుతాయి, పెళ్లి మాట తప్పితే వంశం నాశనమవుతుంది. ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషి కళ్లతో నడుస్తుంది కాబట్టి ఎవరినీ పూర్తిగా అసహ్యించుకోలేం. మొదటి సంపుటంలో కథానాయకుడనిపించే నెడ్ స్టార్క్ తల తెగడం అందరికీ గుర్తుంటుంది. ఎందుకు తెగిందో చూడండి. రాణి రహస్యం తెలిశాక, ఆమె పిల్లల్ని రాజు చంపేస్తాడేమోనని జాలిపడి, పారిపొమ్మని ముందుగా ఆమెకే చెబుతాడు. ఆ జాలే అతని మెడకు చుట్టుకుంది. బిల్బో జాలి లోకాన్ని కాపాడితే, నెడ్ జాలి అతన్ని చంపింది. ఇద్దరు రచయితలకూ లోకం మీద ఉన్న నమ్మకంలో తేడా అంతా ఇక్కడే ఉంది.

మార్టిన్ లోపం అల్లినంత బాగా ముడి వేయలేకపోవడం. నాలుగో పుస్తకం రాస్తుంటే అది పెరిగిపోయి, పాత్రల్ని ప్రాంతాలవారీగా రెండు పుస్తకాలకు పంచారు. అయిదోది 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. సముద్రం అవతలి జనాలను, ముఖ్యంగా ఆ గుర్రాల తెగను, ఇవతలివాళ్లను చూసినంత లోతుగా చూడలేదు. ఆడవాళ్ల మీద హింస కథకు అవసరమైనదానికన్నా చాలా ఎక్కువ ఉంది. కాబట్టి బాబూ, నీ ప్రశ్నకు జవాబు: మొదటి సంపుటం మొదటి సంపుటంతో పోలిస్తే మార్టిన్‌దే పైచేయి. మొత్తంగా చూస్తే టోల్కీన్, ఎందుకంటే ఆయన ముగించారు, ఆ ముగింపు కథ మూలాల్లోంచి వచ్చింది. ఇద్దరినీ పక్కన పెట్టి ఒక్క పుస్తకం ఎంచుకోమంటే నేను ఎర్త్‌సీ తీసుకుంటాను.

రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' గురించి క్లుప్తంగా. 14 సంపుటాలు. మంత్రశక్తిలో మగవాళ్లకు దక్కే సగం కలుషితమైపోయింది, వాడే మగవాడు పిచ్చివాడైపోతాడు, అయినా లోకాన్ని కాపాడాల్సింది అలాంటి ఒక మగవాడే. ఇంత గొప్ప ఆలోచనను మధ్య సంపుటాల్లో టీవీ సీరియల్‌లా సాగదీశారు, నైనీవ్ అనే పాత్ర కోపమొచ్చినప్పుడల్లా జడ లాక్కుంటూనే ఉంటుంది. ఆయన 2007లో పోతే, వదిలివెళ్లిన నోట్స్ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడు సంపుటాలు పూర్తి చేశారు. శాండర్సన్ సొంత 'మిస్ట్‌బార్న్' 2006లో వచ్చింది. అందులో విన్ అనే అమ్మాయి లోహపు రజను మింగి, నేల మీదికి నాణెం విసిరి, మంత్రబలంతో దాన్ని కిందికి నెట్టి తాను గాలిలోకి లేస్తుంది. తనకన్నా బరువైనదాన్ని నెడితే తానే వెనక్కి పడుతుంది. అంతా ఫిజిక్స్ లెక్క, చదువుతుంటే హుషారుగా ఉంటుంది. అయితే నియమాలన్నీ అంత స్పష్టంగా తెలిసిపోయాక అబ్బురం తగ్గిపోతుంది. పాత్రల మనసులో ఏముందో కూడా లోహాల్లాగే విడమరిచి చెప్పేస్తారు. మంత్రానికి చెల్లించాల్సిన ఖరీదు లెక్క ఇంతకన్నా గట్టిగా తెలిసిన రచయిత్రి ఎన్.కె. జెమిసిన్. 'ది ఫిఫ్త్ సీజన్' లో భూకంపాన్ని ఆపగలిగేవాళ్లు చుట్టూ ఉన్న వేడినంతా లాగేసుకుంటారు, పక్కనున్న మనిషి గడ్డకట్టి చనిపోవచ్చు. అది మొదటిదిగా వచ్చిన మూడు పుస్తకాలకూ వరసగా 2016, 17, 18ల్లో ఉత్తమ నవలగా హ్యూగో అవార్డు వచ్చింది, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకు ఇచ్చే పెద్ద అవార్డు అది. అంతకుముందు ఎవరికీ అలా రాలేదు.

మన సంగతి చెప్పకుండా దిగిపోతే బాగుండదు. టోల్కీన్ మొదటి సంపుటం వచ్చిన 1954లోనే చందమామలో 'తోకచుక్క' సీరియల్ వచ్చింది. తర్వాత 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', ఇంకా ఎన్నో. రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు, సీరియల్ మీద ఆయన పేరు వేసేవారు కాదు. ప్రతి నెలా సరిగ్గా ఎక్కడ ఆపాలో ఆయనకు తెలిసినంతగా ఇప్పటి సిరీస్ రాసేవాళ్లకు తెలియదు. లోటు కూడా చెప్పాలి. ఆ కుర్రాళ్లు అడవులు, కొండలు, మాంత్రికుల కోటలు దాటి వచ్చినా బయల్దేరినప్పుడు ఎలా ఉన్నారో అలాగే ఉంటారు, లోపల ఏమీ మారదు. పాతబస్తీలో ఉర్దూ చదివే పెద్దవాళ్లను అడిగితే 'తిలిస్మే హోష్‌రుబా' గురించి చెబుతారు, 19వ శతాబ్దం చివర్లో లక్నోలో అచ్చయిన వేల పేజీల దాస్తాన్, అంటే సాహసాల పెద్ద కథ. అందులో అమర్ అయ్యార్ అనే టక్కరి వీరుడి సంచిలో లోకమంతా పడుతుంది. ఊహలో దానికి సాటి లేదు గానీ, ఒకే రకం మాయాయుద్ధాలు మళ్లీ మళ్లీ వస్తాయి. 2010లో మొదలైన, అమీశ్ త్రిపాఠి రాసిన శివుడి కథ చాలామంది ఉద్యోగస్తుల చేత మళ్లీ నవల పట్టించింది. అది మంచిదే. కానీ సోమరసం నుంచి అన్నింటికీ సైన్సు వివరణ ఇచ్చేసరికి, దేవుడి కథలో ఉండాల్సిన విస్మయం ఆవిరైంది.

ఇక్కడ హైదరాబాద్ పాఠకులకు ఉన్న చిక్కు ఒకటి చెప్పి ప్రశ్నలకు వెళ్తాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ పుస్తకాలు దొరుకుతాయి, కానీ ఎప్పుడూ నాలుగో భాగమో తొమ్మిదో భాగమో దొరుకుతుంది, మొదటిది ఉండదు. సిరీస్ రాసేవాళ్లు ఒక్కో సంపుటానికీ తనదైన కథ ఉండేలా చూసుకుంటే ఇలాంటి పాఠకుడికి న్యాయం జరుగుతుంది. లెగ్విన్ పుస్తకాల్లో ఏది ముందు దొరికినా చదువుకోవచ్చు. జోర్డాన్ ఎనిమిదో భాగంతో మొదలుపెడితే మాత్రం ఎవరు ఎవరో అర్థం కాదు.

(సభలోంచి ఒక తల్లి: మా బాబు తొమ్మిదో తరగతి. వీటిలో ఏది ఇవ్వమంటారు?)

అమ్మా, మార్టిన్ మాత్రం ఇప్పుడే వద్దు, ఇంటర్ అయ్యాక వాడే చదువుకుంటాడు. హాబిట్‌తో మొదలుపెట్టించండి, పేజీలు తక్కువ, సరదాగా ఉంటుంది. అది పూర్తయ్యాక ఎర్త్‌సీ ఇవ్వండి. పెచ్వారీ పిల్లవాడి అధ్యాయం వచ్చినప్పుడు వీలైతే మీరూ పక్కన కూర్చుని చదవండి, వాడు అడిగేవి ఉంటాయి. ఇంగ్లీషు కష్టమనిపిస్తే పాత చందమామ సీరియల్స్ ముందు చదివించండి, వాటికి వయసుతో పని లేదు. మనుచరిత్ర పద్యాలు వాడికి ఇప్పుడే అందకపోవచ్చు, పసరు కరిగిన కథ మాత్రం ఇవాళ రాత్రే చెప్పొచ్చు.